కొని తెచ్చిన మర్యాద

శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన దంపతులు సోఫా అంచున కూర్చుని "ఇంకా చాలా ఇళ్లు తిరగాలండీ" అంటారు. ఇంటావిడ వంటింటి గుమ్మంలోంచి పిల్లాడికి కళ్లతోనే సైగ చేస్తుంది. వాడు మూల కొట్టుకి పరుగెత్తి నల్లటి సీసా ఒకటి పట్టుకొస్తాడు. "ఇప్పుడివన్నీ ఎందుకండీ" అంటూనే వాళ్లు గ్లాసు అందుకుంటారు. ఇంతకుముందు వెళ్లిన ఇంట్లోనూ అదే తాగొచ్చారు, వచ్చే ఇంట్లోనూ అదే తాగుతారు. ఇంత హడావుడిలో దాహం వేసినవాళ్లు ఒక్కరూ లేరు, సీసాలో మిగిలినదాని కోసం గుమ్మం పక్కన కాచుకున్న పిల్లాడు తప్ప.

కూల్‌డ్రింకులు మానండి అంటూ వేసవి రాగానే పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నీ చక్కెర గురించి, పళ్ల గురించి, ఎముకల గురించి చెబుతాయి. చెప్పేవి చాలావరకు నిజాలే. అయినా చదివినవాళ్లు మర్నాడు చుట్టాలొస్తే మళ్లీ అదే సీసా తెప్పిస్తారు. ఎందుకంటే మన ఇళ్లలో అది తాగే వస్తువు కాకముందే పెట్టే వస్తువయింది. పెట్టేటప్పుడు మన లెక్కలు వేరు.

మజ్జిగ సంగతే చూడండి. ఒకప్పుడు పాడి ఉన్న ఇళ్లలో విలువంతా వెన్నదీ నెయ్యిదీ. వెన్న తీశాక మిగిలిన మజ్జిగని అమ్ముకోవడం నామోషీ. పాడి లేని ఇళ్లవాళ్లు ముంత పట్టుకొస్తే పోసి పంపేవారు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకన్న సామెత ఆ లోకంలో పుట్టిందే. అడగడానికి మొహమాటపడేవాళ్లు ఉండేవారు గానీ, పోయడానికి లెక్క చూసుకునేవాళ్లు తక్కువ. మజ్జిగ పరువు పోగొట్టింది కూడా ఆ ధారాళమే అని నాకు అనుమానం. డబ్బు పెట్టకుండా దొరికేదాన్ని చుట్టం చేతిలో పెడితే మన గొప్ప ఏం కనిపిస్తుంది? ఉన్నది పెట్టడం మామూలు, కొని తెప్పించడం గౌరవం. 

మా అత్తయ్య ఈ సంగతి నాకంటే సూటిగా చెప్పింది. ఇంట్లో పెళ్లిచూపులు. మండే ఎండలో వస్తున్నారు కదా, ముందు మజ్జిగ ఇద్దామన్నాను. "మజ్జిగ పోసి పంపించారని ఊరంతా చెప్పుకుంటారే అమ్మాయ్. రెండు పెద్ద సీసాలు తెప్పించు" అంది. ఆవిడకి షుగరు. కాఫీలో కూడా పంచదార వేసుకోదు. తను తాగనిదాన్ని ఎదుటివాళ్లకి పెట్టడంలో ఆవిడకి ఏ తేడా కనిపించలేదు. ఆ వేళ పెడుతున్నది పానీయం కాదు మరి.

మనకి సీసాలో గ్యాసు నింపి అమ్మడం కొత్తేమీ కాదు. మెడలో గోలీ ఉన్న సోడాబుడ్డికి హైరం కాడ్ అనే ఇంగ్లిషాయన 1872లో పేటెంటు తీసుకున్నాడు. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి మూతలా పట్టుకుంటుంది, వేరే బిరడా అక్కర్లేదు. మన సంతల్లో, సినిమా హాళ్ల ముందు అది చాలాకాలం ఏలింది. నిమ్మకాయ పిండి, ఉప్పేసి, బొటనవేలితో గోలీని టప్పున నొక్కి ఇచ్చే ఆ సోడాలో తప్పు పట్టడానికి ఉప్పు తప్ప ఏమీ లేదు. గోదావరి జిల్లాలో రామచంద్రపురం వాళ్ల ఆర్టోస్ కూల్‌డ్రింకుల కంపెనీకి వందేళ్లు దాటాయి. 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్లినప్పుడు ఆ ఖాళీలోకి థమ్సప్ వచ్చింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి థమ్సప్‌నే కొనేసింది. తన కోలా ఉండగా దీన్ని మూలన పడేస్తారనుకున్నవాళ్లకి తెలుగువాళ్ల సంగతి తెలియదు. మనకి ఆ ఘాటే కావాలి. చిరంజీవి, తర్వాత మహేష్‌బాబు ఆ సీసా పట్టుకుని ప్రకటనల్లో ఎగిరారు, దూకారు. వాళ్లు పట్టుకున్నారు కాబట్టి మనం తాగామో, మనం తాగుతున్నాం కాబట్టి వాళ్లని పిలిచారో తేల్చడం కష్టం. 

2003లో కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెడితే పార్లమెంటు దాకా గొడవ వెళ్లింది. అమ్మకాలు కొన్నాళ్లు పడిపోయి, మళ్లీ లేచాయి. భయపెట్టి మాన్పించడం ఎంతవరకు సాగుతుందో అప్పుడే తెలిసింది.

చక్కెర లెక్క కూడా ఒకసారి చెప్పుకుందాం. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకి రమారమి 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. పావులీటరు సీసా తాగితే ఆరు చెంచాలు. తాగే, తినే అన్నిట్లోనూ విడిగా కలిపే చక్కెర రోజుకి 50 గ్రాములు దాటొద్దని, వీలైతే 25కి తగ్గించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే ఒక్క సీసాతో ఆ రెండో గీత దగ్గరికి వచ్చేస్తాం. అదే ఆరు చెంచాలు గ్లాసుడు మంచినీళ్లలో కలిపి ఇస్తే ఒక గుక్కకే మొహం మొత్తుతుంది. సీసాలో అది తెలియకపోవడానికి కారణం పులుపూ చల్లదనమూ. కోలాలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, పుల్లన. పులుపు తీపిని అణిచిపెడుతుంది, చల్లదనం నాలుకని మొద్దుబారుస్తుంది. నమ్మకం లేకపోతే సగం తాగిన సీసా మూత తీసి రాత్రంతా బల్ల మీద వదిలేసి, పొద్దున్న ఒక గుక్క తాగి చూడండి. అది పాకం.

బిర్యానీతో కోలా అన్న జోడీ గురించి నాకో ఫిర్యాదుంది. ఘాటు తగ్గడానికే తాగుతున్నామంటారు. మిరపకాయలో మండించే క్యాప్సైసిన్ నీళ్లలో కరిగేది కాదు, కాబట్టి నీళ్లలాంటి పానీయమేదీ దాన్ని కడిగెయ్యదు. పైగా గ్యాసు నాలుక మీద ఆమ్లంగా మారి తనవంతు చురక తనూ పెడుతుంది. పాలల్లో, పెరుగులో ఉండే కేసిన్ అనే మాంసకృత్తి అయితే ఆ మంటపదార్థాన్ని పట్టుకుని నాలుక మీంచి లాక్కుపోతుంది. బిర్యానీ పక్కన పెరుగుచట్నీ పెట్టినవాడికి ఇదంతా తెలియకపోయినా సంగతి తెలుసు. మనమే ఆ చిన్న గిన్నెని పక్కకి జరిపి సీసా మూత తిప్పుతాం.

ఇక మజ్జిగ. పెరుగులో నీళ్లు పోసి చెంచాతో తిప్పినదాన్ని మజ్జిగ అనడం నాకు ఇష్టముండదు. అలాంటిదే అలవాటై, మజ్జిగంటే చప్పటి నీళ్లని పిల్లలు మొహం తిప్పుకుంటున్నారు. తోడు దగ్గరే మొదలవుతుంది పని. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడెయ్యాలి. వేడిగా ఉంటే సాగుతుంది, మరీ చల్లారితే తోడుకోదు. వేసవిలో తోడు సగానికి తగ్గించాలి, లేకపోతే తెల్లారేసరికి పులిసిపోతుంది. చిలకడం ఎండెక్కక ముందే. మధ్యమధ్యలో చన్నీళ్లు చిలకరిస్తుంటే వెన్న ముద్దకడుతుంది. అది తీసేశాక మిగిలిన పల్చటిదే అసలు మజ్జిగ. అందులో కొవ్వు దాదాపు ఉండదు, దాహం తీర్చే గుణమంతా ఉంటుంది.

ఈ రోజుల్లో ఎవరింట్లో రాటకి తాడు కట్టి కవ్వం ఆడిస్తారు అంటారు. నేనూ ఆడించను. గిన్నెలో అరచేతుల మధ్య తిప్పే చిన్న చెక్క కవ్వం చాలు, తిరునాళ్లలో ఇప్పటికీ అమ్ముతారు. మిక్సీలో వేస్తే నురగ ఎక్కువ, కాస్త ఏమరితే వెన్న పలుకులై పైకి తేలి తాగేటప్పుడు పెదాలకి అంటుకుంటుంది. ఒక వంతు పెరుగుకి మూడు, నాలుగు వంతుల నీళ్లు. పిడికెడు దబ్బాకులు చేత్తో చింపి వెయ్యాలి, కత్తితో తరిగితే ఆ వాసన అంతగా దిగదని మా అమ్మ పట్టుదల. అల్లం దంచి, పచ్చిమిర్చి చీల్చి, కరివేపాకు నలిపి అందులో పడేసి అరగంట ఊరనివ్వాలి. తర్వాత పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఈ వడకట్టడం చాలామంది ఎగ్గొడతారు. గొంతుకి అడ్డంపడే అల్లం పీచు, పంటి కింద మిరపగింజ ఉన్న మజ్జిగని చుట్టానికి ఇవ్వకూడదు. ఉప్పు ఆఖర్న, కొంచెమే. రక్తపోటు ఉన్నవాళ్లకి అదీ వద్దు, దబ్బాకే సరిపోతుంది.

ఐసు వెయ్యను. కరిగి పల్చనై రుచి పోతుంది. మట్టికుండలో పెడితే దాని చల్లదనమే వేరంటారు గానీ, అది ఊరిని బట్టి. కుండ చెమర్చి, ఆ చెమ్మ గాలికి ఆరితేనే లోపల చల్లబడుతుంది. అనంతపురంలో, నిజామాబాద్‌లో ఆ పొడిగాలికి కుండ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఉక్కపోసే కాకినాడలో మే నెలలో గాలికే చెమట పడుతుంటే కుండ ఏం చేస్తుంది పాపం! అక్కడ ఫ్రిజ్జే నయం.

పాతవన్నీ మంచివని కూడా నేను చెప్పబోవడం లేదు. శ్రీరామనవమి పానకం నాకు ప్రాణం, మిరియాల ఘాటు ముక్కులోకెక్కాలి. కానీ బెల్లం కూడా చక్కెరే, దేవుడికి పెట్టినా అంతే. మంగళగిరి నరసింహస్వామి సైతం పోసిన పానకంలో సగమే పుచ్చుకుని మిగతాది భక్తుడికి తిరిగిచ్చేస్తాడంటారు. రాయలసీమ సుగంధి షర్బత్‌లో వేరు వాసన ఎంత హాయిగా ఉన్నా అందులో తీపంతా చక్కెర పాకమే. చెరుకురసం సంగతి చెప్పక్కర్లేదు. పళ్ల బొమ్మ వేసిన డబ్బాల్లో రసం ఉండేది కొంచెం, తీపి ఎక్కువ. కొబ్బరిబొండం వీటన్నిటికంటే చాలా మేలు. పొద్దున్నే పార్కుల దగ్గర బండి మీద పోసే రాగి అంబలి ఇంకా మేలు, ఉల్లిపాయ ముక్కలు నంజుకుంటే టిఫిన్ కూడా అక్కడే అయిపోతుంది. గంజి కుండలో పులియబెట్టిన తరవాణి ఇప్పుడు పెద్దవాళ్ల మాటల్లోనే మిగిలింది, ఆ పులుపు అలవాటు లేనివాళ్లకి ఎక్కడం కష్టం కూడా.

జబ్బుపడ్డ మనిషిని చూడ్డానికి వెళ్లేటప్పుడు కూడా మనది ఇదే వరస. ఏదో ఒకటి కొని తీసుకెళ్లాలి, పైన ఆరోగ్యంలా కనిపించే అక్షరాలుండాలి. విరేచనాలయ్యే పిల్లలకి ఇచ్చే అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు, దానికి తగ్గ లవణాలు కొలత ప్రకారం ఉంటాయి. ఆ మూడక్షరాలు పేరులో ఇరికించుకున్న తియ్యటి డబ్బాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్మారు. తీపి మితిమీరితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లకేళ్లు దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ అక్షరాలు అలాంటి పానీయాల పేర్లలో వాడకూడదని ఆదేశించింది. 

రోడ్డు మీద పనిచేసేవాళ్ల సంగతి వేరు. మధ్యాహ్నం రెండింటికి బైకు ఆపి కొట్టు నీడలో నిలబడి ఎనర్జీ డ్రింకు తాగే డెలివరీ కుర్రాడికి దబ్బాకు గురించి చెప్పడం అన్యాయం. ఆ సీసాతో వాడు ఐదు నిమిషాల నిలుపు కూడా కొనుక్కుంటున్నాడు. పిల్లలకి, గర్భిణులకి తగదని సీసా మీద సన్నక్షరాల్లో రాసే ఉంటుంది, చదివే తీరికెవరికి? అదే ఫ్రిజ్జులో, అదే అరలో, చేతికందేలా చల్లటి మజ్జిగ ప్యాకెట్లు పెట్టమని మా మూల కొట్టతనికి చెప్పాను. సీసాల కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్జు అమ్మా, వేరేవి పెడితే ఊరుకోరు అన్నాడు. ప్యాకెట్లని కింద, ఉల్లిపాయల బుట్ట పక్కన నీళ్ల బకెట్లో పెట్టాడు.

మొన్న మా ఇంట్లో శుభకార్యానికి వంటల కాంట్రాక్టరుతో మాట్లాడుతూ, గుమ్మంలో ఇచ్చే వెల్‌కమ్ డ్రింక్ మజ్జిగ కావాలన్నాను. అతను నీలంరంగువి, ఆకుపచ్చవి, పొగలొచ్చేవి ఫోన్లో చూపించాడు. మజ్జిగ ఆఖర్లో పెరుగన్నం దగ్గర ఉంటుంది కదండీ, మొదట్లో పెడితే పెళ్లివారు చిన్నబుచ్చుకుంటారు అన్నాడు. నేను పట్టు వదల్లేదు. కాసేపు ఆలోచించి, "అయితే ఓ పని చేద్దామండీ. పెద్ద కుండ, పక్కన రాట, తలపాగా కట్టుకున్న మనిషి. తాడుతో కవ్వం ఆడిస్తూ అక్కడికక్కడే పోస్తాడు. లైవ్ కౌంటరు. కాకపోతే మనిషికి వేరే, సెట్టింగుకి వేరే అవుతుంది" అన్నాడు. కూల్‌డ్రింకుల కంటే గ్లాసుకి బాగానే ఎక్కువ పడింది. సరేనన్నాను.

ఆ వేళ ఫొటోలు తీసుకునేవాళ్లతో ఆ కౌంటరు దగ్గర తోపులాట. అత్తయ్య వరసలో నిలబడి గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, నన్ను పక్కకి పిలిచింది.

"గ్లాసు ఎంత పడిందే?"

చెప్పాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసి, ఎదురింటివాళ్లని కేకేసి పిలిచింది. "రండి రండి, తాగి చూడండి. మా అమ్మాయి ప్రత్యేకంగా చెప్పి పెట్టించింది!"