పాడె ముందు, తెర ముందు

మొన్న ఒక పెద్దకర్మకు వెళ్తే భోజనాల షామియానా పక్కనే ఎల్‌ఈడీ తెర. పోయినాయన నవ్వుతున్న ఫొటోలు ఒకదాని వెంట ఒకటి, వెనక వేణువు. వేదిక మీద తెర కనిపిస్తే నాకు ఒళ్ళు మంటని ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. కూచిపూడి వెనక కంప్యూటర్ కృష్ణుణ్ణి తిప్పేవాళ్ళను ఇక్కడే బోలెడుసార్లు తిట్టాను.

ఆ చిరాకులోనే ఇంటికొచ్చి ‘రెక్వియమ్ పూర్ ఎల్’ రికార్డింగ్ పెట్టుకున్నాను. 2018లో బెల్జియం నృత్య దర్శకుడు అలాన్ ప్లాటెల్, సంగీతకర్త ఫాబ్రిజియో కాసోల్ కలిసి చేసిన ప్రదర్శన. 1791లో మొజార్ట్ పూర్తిచేయకుండానే పోయిన, మృతుల కోసం పాడే ప్రార్థన రెక్వియమ్‌ను విప్పి, అకార్డియన్, ఎలక్ట్రిక్ గిటార్, కాంగో వాద్యం లికెంబే కలిపి మళ్ళీ అల్లారు. 14 మంది పాడతారు, వాయిస్తారు, ఆడతారు. వెనక పెద్ద తెర. దాని మీద ఎల్ అనే ఆవిడ నిజంగానే చనిపోతూ ఉంటుంది. ఆవిడ ఒప్పుకుంటేనే తీశారు. నలుపు తెలుపు, చప్పుడు లేదు, నిదానంగా కదులుతుంది.

ఆ తెర లేకుంటే ఎంత బాగుండును అనుకుంటుండగా మా పెద్దనాన్న శవయాత్ర గుర్తొచ్చింది. గడ్డిమంట దగ్గర డప్పులు కాచుకోవడం, వేలితో తట్టి చూసుకోవడం, చాలక మళ్ళీ కాచడం. కుడిచేత చిర్ర, ఎడమచేత సన్నపుల్ల. దెబ్బ పడగానే మా చిన్నాన్న ఏడుస్తూనే చిందేశాడు. దింపుడు కళ్ళం దగ్గర డప్పు ఆపించి, పాడె దించి, చెవిలో ముమ్మారు పేరు పెట్టి పిలిచారు. మళ్ళీ డప్పు. (కొట్టినవాళ్ళకు అది తరాల వెట్టి. డప్పు మహిమ మీద వ్యాసాలు రాసేవాళ్ళు ఆ ముక్క దాటేస్తుంటారు.)

ఎవరెంత ఎగిరినా చూపు పాడె మీది ముఖం వైపే పోయేది. ప్లాటెల్ తెర చేసే పనీ అదే. అది తీసేస్తే మిగిలేది మంచి కచేరీ, అంతే.

పెద్దకర్మ తెరతో మాత్రం నా తగువు తీరలేదు, కారణం మారింది. అందులో ఆయన ఎక్కడా మంచాన పడలేదు. నెలల తరబడి ఒళ్ళు తుడిచిన కోడలు ఒక్క ఫొటోలోనూ లేదు. ఎల్ మంచం చుట్టూ మాత్రం నిమిరే చేతులు కనిపిస్తూనే ఉంటాయి.

అలాగని మా ఇంట్లో ఆఖరి ఘడియల్లో ఎవరైనా ఫోన్ ఎత్తితే ఊరుకోను. ఎల్ ప్రాణముండగానే సరేనంది. మన ఇళ్ళలో ఆ సంగతి ఎత్తబోతేనే ‘అశుభం మాట్లాడకు’ అని నోరు మూయిస్తారు.