తాళం ఎంత దూరం వెళ్తుంది?

వేరే ఊళ్లో ఉన్న కళాకారుణ్ని ఈ ఊరి వేదిక మీద ఉన్నట్టే చూపించే సామాను ఇప్పుడు ఐదారు పెట్టెల్లో పట్టేస్తుంది. ఒక కెమెరా, రెండు మూడు మైకులు, చిన్న మిక్సర్, సౌండ్ కార్డు తగిలించిన ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు, మడతపెట్టే తెర, చుట్టలు చుట్టిన కేబుళ్లు. వీటిని దించి, బిగించి, అవతలి ఊరితో కలిపి, వేళకు తెర లేపడం ఒక ప్రత్యేకమైన విద్య. ఆ విద్య తెలిసినవాళ్లు మన నిర్వాహకులకు తరచూ ప్రదర్శన రోజు పొద్దున్నే గుర్తొస్తారు. అప్పటికే కరపత్రాలు పంచేసి ఉంటారు, ఏ అంశం ఎవరు ప్రదర్శించాలో ఖాయమైపోయి ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఏది పాడొచ్చు, ఏది ఆడొచ్చు అన్నదాంట్లో ఆ పెట్టెలకు కూడా ఒక మాట ఉంటుంది.

దూరాన ఉన్నవాళ్లతో కలిసి పాడటమనే ఊహ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి, ఎక్కడో ఉన్న అభిమన్యుడితో యుగళగీతం పాడింది. ఆ పెట్టెకు ఆలస్యమన్నది లేదు. ఇక్కడ ఎత్తుకున్న పల్లవి ఆ క్షణానే అక్కడికి చేరింది. నిజమైన పెట్టెలకు ఆ వరం లేదు. స్వరం ఎంతోకొంత ఆలస్యంగానే చేరుతుంది. ఆ ‘ఎంతోకొంత’ ఎంత అని తేల్చుకోవడమే ఈ పనిలో మొదటి మెట్టు.

నిజానికి ఒకే వేదిక మీద కూర్చున్నా ఆలస్యం తప్పదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే మిల్లీసెకనుకు జానెడున్నర. మూడున్నర మీటర్ల అవతల కూర్చున్న మృదంగ విద్వాంసుడి దెబ్బ గాయకురాలి చెవిన పడటానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ మాత్రానికి ఎవరూ తడబడరు. ఈ ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటిందంటే మాత్రం ఎంతటి విద్వాంసులకైనా లయ బరువెక్కుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం దీన్ని చప్పట్లతో పరీక్షించింది. ఇద్దరిని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరి చప్పట్లు ఇంకొకరికి కావాలని ఆలస్యం చేసి వినిపించారు. ఆలస్యం మరీ తక్కువగా ఉంటే జంట వేగం పెంచుకుంటూ పోయింది. పది పన్నెండు మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా సాగింది. అంతకంతకూ పెంచుతుంటే వేగం సడలిపోయింది. కారణం తేలికే. ఎదుటివాడు వెనకబడ్డాడనుకుని ఇతను ఆగుతాడు, ఇతను ఆగాడని అతను ఆగుతాడు. ఇందులో ఇద్దరి తప్పూ లేదు.

ఇప్పుడు తీగ సంగతి చూద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 200 కిలోమీటర్లకు ఒక మిల్లీసెకను. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి 600 పైచిలుకు కిలోమీటర్లు. తీగ తిన్నగా పోతే 3 మిల్లీసెకన్లు చాలు. ఒక మీటరు దూరంలో ఎదురెదురుగా కూర్చుంటే గాలిలో ధ్వనికి పట్టే సమయమూ అంతే. కాబట్టి విశాఖలో మృదంగం, హైదరాబాదులో గాత్రం పెట్టి కీర్తన పాడించడానికి ప్రకృతి పరంగా ఏ అడ్డంకీ లేదు.

అడ్డంకులన్నీ మనం పెట్టుకున్నవే. ధ్వనిని అంకెలుగా మార్చే సౌండ్ కార్డు కొన్ని నమూనాలను పోగుచేసుకున్నాక గానీ పంపదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 నమూనాల మూట కడితే దానికే 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. వైఫై ఒక పొట్లాన్ని వెంటనే, ఇంకో పొట్లాన్ని ఆగి పంపుతుంది కాబట్టి అవతలివైపు కొంత నిల్వ పెట్టుకోక తప్పదు. మామూలు వీడియో కాల్ యాప్‌లు సంభాషణ తెగకూడదని ఈ నిల్వను ధారాళంగా పెట్టుకుంటాయి. కబుర్లు చెప్పుకోవడానికి అది మేలు, తాళానికి మాత్రం హాని. అందుకే ఇటలీలోని ట్రియెస్టే నగరంలో తార్తీనీ సంగీత కళాశాల, ఆ దేశపు పరిశోధన నెట్‌వర్క్ గార్‌తో కలిసి లోలా అనే వ్యవస్థను తయారుచేసుకుంది. 2010లో ట్రియెస్టేకూ పారిస్‌కూ మధ్య దాన్ని బహిరంగంగా వాయించి చూపించారు. బొమ్మను గానీ ధ్వనిని గానీ కుదించకుండా ఉన్నదున్నట్టు పంపడం దాని కిటుకు. కుదించడానికి, విప్పడానికి పట్టే సమయం అలా ఆదా అవుతుంది.

అయితే కుదించని బొమ్మ చాలా ఖరీదైన వ్యవహారం. పూర్తి హెచ్‌డీ బొమ్మ సెకనుకు 60 ఫ్రేముల చొప్పున పంపాలంటే సెకనుకు 3 గిగాబిట్లు కావాలి. అదే రెండు చానళ్ల ధ్వనికి ఒకటిన్నర మెగాబిట్లు చాలు. బొమ్మలో దాదాపు రెండు వేల వంతుల్లో ఒక వంతన్నమాట. ఇంటికొచ్చే బ్రాడ్‌బ్యాండ్ మీద కూడా ధ్వనిని కుదించకుండా పంపొచ్చు. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన జాక్‌ట్రిప్ చేసే పని ఇదే. జర్మన్ ఇంజనీరు ఫోల్కర్ ఫిషర్ రాసిన జామ్యులస్ మాత్రం ధ్వనిని కాస్త కుదించి పంపుతుంది. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ధ్వనికి ఇంత తక్కువ ఖర్చవుతుంటే మన సభల్లో బడ్జెట్‌లో సింహభాగం ఎల్ఈడీ గోడకు పోయి, నెట్ కనెక్షన్‌కు ఎవరిదో ఫోను హాట్‌స్పాట్ మిగలడం అన్యాయం.

అనుభవం ఉన్న బృందం హాల్లో అడుగుపెట్టగానే చూసేది తెరను కాదు, నెట్ సాకెట్ ఎక్కడుందో. అక్కణ్నుంచి వేదిక దాకా సొంత కేబుల్ లాగుతారు. ఆ లైను మీద ఇంకెవరూ ఫోను కలపకుండా చూస్తారు. తర్వాత చప్పట్ల పరీక్ష. అవతలి ఊళ్లో ఒకరు ఇయర్‌ఫోన్‌ను మైకుకు ఆనించి పట్టుకుంటారు. ఇక్కడ మైకు ముందు ఒక్క చప్పట కొడతారు. ఆ చప్పట అవతలికి పోయి, అక్కడి ఇయర్‌ఫోన్‌లోంచి మైకులోకి దూరి వెనక్కొస్తుంది. రికార్డింగులో పక్కపక్కన రెండు ముళ్లు కనిపిస్తాయి. వాటి మధ్య ఎడాన్ని కొలిచి సగం చేస్తే ఇంచుమించుగా ఒకవైపు ఆలస్యం ఎంతో తెలుస్తుంది. ఐదు నిమిషాల పని. ఈ అంకె తెలియకుండా కళాకారులను వేదిక ఎక్కించడం వాళ్లకు అన్యాయం చేయడమే. బాగా పాడేవాళ్లు కూడా తమ తాళమే తప్పిందనుకుని కుంగిపోతారు.

శ్రుతి సంగతి ఇంకొకటి. వీడియో కాల్ యాప్‌లు ఎడతెగకుండా వినిపించే ధ్వనిని ఫ్యాను మోతగా, ఏసీ హోరుగా లెక్కకట్టి తుడిచేస్తాయి. తంబురా, శ్రుతిపెట్టె చేసేది అలాంటి ధ్వనే. ఇక్కడ గాయకురాలి వెనక శ్రుతి నిండుగా మోగుతుంటుంది. అవతల విన్నవాళ్లకు మొదటి రెండు క్షణాలు వినిపించి, మెల్లగా సన్నగిల్లి మాయమవుతుంది. శ్రోతలకు ఏం పోయిందో తెలియదు, గానం ఎందుకో పల్చగా ఉందనిపిస్తుంది. జూమ్‌లో సంగీతకారుల కోసం అసలు ధ్వనిని అలాగే పంపే మీట ఉంది. దాన్ని నొక్కాలి. నొక్కితే ప్రతిధ్వనిని అడ్డుకునే కాపలా కూడా తగ్గుతుంది కాబట్టి సౌండ్ బాక్సులను మైకులకు దూరంగా జరపాలి, కళాకారులకు ఇయర్‌ఫోన్లు ఇవ్వాలి, అవతలివాళ్ల గొంతు తిరిగి అవతలికే పోకుండా మిక్సర్‌లో విడదీయాలి. ఇందులో ఏ ఒక్కటి మరిచినా మైకు కుయ్యిమంటుంది.

ఈ వృత్తిలో అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమయ్యే సత్యం మరొకటుంది. రెండు ఊళ్లను కలిపితే జరిగేది ఒక కచేరీ కాదు, రెండు. వాద్యబృందం విజయవాడలో, కూచిపూడి నర్తకి చెన్నైలో ఉన్నారనుకుందాం. సంగీతం చెన్నై చేరగానే ఆమె దానికి అడుగు వేస్తుంది. చెన్నై ప్రేక్షకులకు మువ్వ, మృదంగం ఒక్కటిగా వినిపిస్తాయి. విజయవాడ ప్రేక్షకులకు ఆమె అడుగు రానూపోనూ ఆలస్యమంతా మోసుకుని వెనకబడి కనిపిస్తుంది. రెండుచోట్లా కచ్చితంగా కుదరడం అసాధ్యం. ఏ ఊరి ప్రేక్షకులు ముఖ్యమో ముందే తేల్చుకోవాలి. నట్టువాంగం చేసేవారు నర్తకి పాదాన్ని చూస్తూ తాళం వేస్తారు కాబట్టి, వాళ్లిద్దరినీ విడదీయకపోవడం మంచిది. వయొలిన్‌ను పంపించొచ్చు, గాత్రాన్ని పంపించొచ్చు, నట్టువాంగం మాత్రం నర్తకి పక్కనే ఉండాలి.

సముద్రాలు దాటేటప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. హైదరాబాదు నుంచి కాలిఫోర్నియాకు కాంతి ఎంత తిన్నగా పోయినా 65 మిల్లీసెకన్లకు తగ్గదు. నిజమైన తీగల వంకరలతో వంద దాటుతుంది. రానూపోనూ రెండు వందలు. నిమిషానికి 80 దెబ్బల చొప్పున ఆదితాళం వేస్తుంటే ఒక్కో అక్షరం 750 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతైన మాత్ర 187. అంటే మృదంగం ఏకంగా ఒక మాత్రకు మించి జారిపోతుంది. ఏ కంపెనీ ఎంత ఖరీదైన యంత్రం అమ్మినా ఇది మారదు. అంత దూరం మీద కీర్తన కలిసి పాడిస్తామని చెప్పేవాళ్లు ఒకవైపు సంగీతాన్ని ముందే రికార్డు చేసి ఉండాలి.

కానీ మన కళల్లో తాళానికి కట్టుబడనివి ఎన్ని లేవు! ఆలాపన, శ్లోకం, విరుత్తం, అన్నిటికీ మించి నాటక పద్యం. పద్యం పాడే నటుడు రాగం తీస్తున్నంతసేపూ హార్మోనియం అతని వెంట నడుస్తుంది. పావు సెకను వెనకైనా వినసొంపుగానే ఉంటుంది. సముద్రం అవతలి హార్మోనిస్టుతో పౌరాణిక పద్యం పాడించడం ఇవాళ ఉన్న సరంజామాతోనే సాధ్యం. ఈ కాలమ్ రాసే మనిషికి ఇందులో బాగా నచ్చే సంగతి ఇదే. పాతబడిందని పక్కన పెట్టిన రూపమే కొత్త వేదికకు చక్కగా అమరుతుంది. తనియావర్తనంలో ఇద్దరు వంతులవారీగా వాయించే ఘట్టం కూడా అలాంటిదే. ఒకరు ముగించాక మరొకరు అందుకుంటారు కాబట్టి మధ్యలో చిన్న విరామం వస్తే పెద్ద ప్రమాదం లేదు. ఆలస్యాన్ని దాచిపెట్టకుండా కావాలని ఒక పూర్తి ఆవర్తనానికి పెంచేసే నింజామ్ అనే సాఫ్ట్‌వేరు కూడా ఉంది. అందులో ఎవరైనా వినేది ఎదుటివాళ్లు క్రితం ఆవర్తనంలో వాయించింది.

ఇక బొమ్మ. 1980 నవంబరులో కిట్ గాలోవే, షెర్రీ రాబినోవిట్జ్ అనే కళాకారుల జంట న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ దగ్గర ఒక తెర, లాస్ ఏంజెలిస్‌లో ఒక దుకాణం అద్దాల వెనక మరో తెర పెట్టి, రెంటినీ ఉపగ్రహంతో కలిపారు. ప్రకటన లేదు, వివరణ లేదు. దారినపోయేవాళ్లకు వేల మైళ్ల అవతలి మనుషులు నిలువెత్తున కనిపించారు, పలకరించారు. మూడు సాయంత్రాలు నడిచిన ఆ ప్రయోగంలో మూడోరోజుకు జనం కిక్కిరిశారు. ఏళ్లతరబడి చూసుకోని బంధువులు వేళ చెప్పుకుని మరీ వచ్చారు. ఆ అమరికలో రెండు సంగతులు ఇప్పటికీ పాఠాలే. బొమ్మ మనిషంత ఎత్తు ఉంది. ఎవరి బొమ్మ వాళ్లకు కనబడలేదు. తన మొహం తనకు తెరమీద కనిపిస్తుంటే నటుడు ఎదుటివాడిని చూడడం మానేస్తాడు. మన వేదికల్లో ఎల్ఈడీ గోడ మీద ఇరవై అడుగుల తలకాయ చూపిస్తున్నంతకాలం అవతలి కళాకారుడు అతిథిగానే మిగిలిపోతాడు, సహనటుడు కాలేడు. తెర అంచు వేదిక నేలను తాకాలి, అవతలి పాదాలు ఇవతలి నేల మీద ఆనినట్టుండాలి, కెమెరా కంటి ఎత్తులో ఉండాలి.

గాలిలో నిలబెట్టినట్టు చూపించే తంత్రమూ ఉంది. హోలోగ్రామ్ అంటున్నా అది 1862 నాటి అద్దం కిటుకే. హెన్రీ డిర్క్స్ దాన్ని ఊహించాడు గానీ, అతని పథకం ప్రకారం నాటకశాలనే మార్చి కట్టాలి. ఉన్న హాల్లోనే ఏటవాలుగా గాజుపలక పెట్టి పని జరిపించవచ్చని గ్రహించినవాడు జాన్ హెన్రీ పెప్పర్. ఆ ఏడాది డిసెంబరు 24న లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో చూపించాడు. పేరు కూడా పెప్పర్‌కే దక్కింది. ఇప్పుడు గాజు స్థానంలో పల్చని ఫిల్మ్ సాగదీసి బిగిస్తున్నారు. 2012 గుజరాత్ ఎన్నికల్లో నరేంద్ర మోదీ ప్రసంగాలు ఒకేసారి పలు ఊళ్లలో కనిపించింది ఈ పద్ధతిలోనే. ప్రసంగం ఒకవైపే సాగుతుంది కాబట్టి అక్కడ ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోరు. కళాకారుల మధ్య మాత్రం అదే సర్వస్వం.

ధ్వనికీ బొమ్మకూ పొత్తు కుదర్చడం చివరి పని. బొమ్మ ఎప్పుడూ ఆలస్యమే. పెదవులకు సరిపోవాలని ధ్వనిని ఆపితే కళాకారులు చెడతారు. అందుకని వాళ్ల ఇయర్‌ఫోన్లకు ధ్వనిని వచ్చింది వచ్చినట్టు ఇచ్చి, ప్రేక్షకుల సౌండ్ బాక్సులకు మాత్రం ఆపి వదలాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం లెక్కల ప్రకారం మాట బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం కనిపెడతారు, 125 దాకా వెనకబడినా పెద్దగా గమనించరు.

మోసుకుపోయే యంత్రాలతో రంగస్థలాన్ని నిలబెట్టడంలో తెలుగువాళ్లకు గొప్ప వారసత్వమే ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాలు తెరలు, తీగలు, మాయా దృశ్యాల సామాను ఊరూరా తిప్పుకుంటూ బతికాయి. అక్కడ తీగ లాగే చేయి కూడా కుటుంబంలోదే. నాటకం ఎంచుకునేటప్పుడే ఏ మాయ ఎలా సాధ్యమో ఆ చేతికి తెలుసు.

విదేశాల్లోని తెలుగు సంఘాలకు, ఇక్కడి సభలకు, విశ్వవిద్యాలయాల్లోని సంగీత నాట్య శాఖలకు ఒక విన్నపం. రెండు ఊళ్ల కార్యక్రమం తలపెట్టినప్పుడు సౌండువాళ్లను కార్యక్రమం ఖరారు కాకముందే పిలవండి. వాళ్లకు విడి లైను ఒకటి, రెండుచోట్లా ఒక పూర్తి రోజు ఇవ్వండి. వాళ్లు చెప్పిన మిల్లీసెకన్ల అంకె చూసి, ఆ తర్వాతే అంశాలు ఎంచుకోండి. కరపత్రంలో మృదంగం, వయొలిన్ పక్కన వాళ్ల పేర్లు కూడా వేయండి.