అల్లం కొమ్ములో ప్రాణం

పొలంలో తవ్వి, మట్టి దులిపి, సంత దాటి మన వంటింటి బుట్టలో చేరాక కూడా అల్లం బతికే ఉంటుంది. వేరనుకుంటాం గానీ, అది నేలలో పెరిగే కాండం. అందుకే దాని ఒంటినిండా మొగ్గలుంటాయి. వేడీ, తేమా దొరికితే అవే మొలకలవుతాయి. ఎండిపోతే వడలుతుంది, చెమరిస్తే బూజు పడుతుంది. ఈ రెంటి మధ్యా దాన్ని నిద్రపుచ్చి ఉంచడం నాకెంతో ఇష్టమైన పని.

సగం పని రైతుబజారులోనే అయిపోవాలి. గట్టిగా, బరువుగా ఉన్న కొమ్ము ఏరుకోవాలి. గోటితో గీకగానే పొట్టు ఊడొచ్చే లేత అల్లం పచ్చడికి బాగుంటుంది గానీ నిలవకు పనికిరాదు. పీచున్నా సరే, ముదురుదే ఆగుతుంది. కడిగి నిగనిగలాడించిన దానికన్నా మట్టి అంటిన కొమ్మే నాకు నమ్మకం. కడిగేటప్పుడు పొట్టు గీసుకుపోతుంది, ఆ గాయంలోంచే బూజు దూరుతుంది.

నిలవ సంగతి నిజంగా తెలిసింది రైతులకే. అల్లానికి దుంపే విత్తనం. చలికాలంలో తవ్విన దుంపను మళ్లీ నాటే ఏప్రిల్, మే దాకా కాపాడుకోవాలి. నీడలో గొయ్యి తీసి, ఇసుకో రంపపుపొట్టో పరిచి, వరసలుగా పేర్చి, గాలాడేందుకు పైన కాస్త ఖాళీ వదిలి కప్పుతారు. మధ్యమధ్య తెరిచి కుళ్లినవి ఏరేస్తారు. కోజికోడ్‌లోని భారతీయ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ చెప్పే పద్ధతీ ఇలాంటిదే.

ఇంట్లో ఆ గొయ్యి పని ఒక మట్టికుండ చేస్తుంది. ఇసుకలో చెమ్మ తగిలీ తగలనట్టుండాలి. పిడికిట పట్టి వదిలితే ముద్దకట్టకుండా రాలిపోవాలి. కొమ్ములు ఒకదానికొకటి తగలకుండా పూడ్చి, గట్టుమీద నీడపట్టున పెడితే చాలు. కావలసినప్పుడు ఒక వేలు విరుచుకుని, మిగతాది విరిగిన చోట ఆరనిచ్చి మళ్లీ పూడ్చేయాలి.

ఫ్రిజ్ దీని తర్వాతి మాటే. అల్లానికి సుమారు 12 డిగ్రీల సెల్సియస్ హాయి. ఫ్రిజ్‌లో ఉండేది 4, 5 డిగ్రీలే. అంత చలిలో ఎక్కువ కాలం ఉంటే మెత్తబడి కుళ్లుతుంది. అయినా మన ఎండాకాలంలో, ఇరుకు ఫ్లాట్లలో అది తప్పదు. పొట్టు తీయొద్దు, కడగొద్దు. పొడి కాగితంలో చుట్టి, కవరులో పెట్టి, కూరగాయల అరలో ఉంచండి. కాగితం చెమర్చగానే మార్చండి. కొన్ని వారాలు నిక్షేపంగా ఉంటుంది. ఇంకా ఎక్కువ కాలమంటే ఫ్రీజర్‌లో వేసి, గడ్డకట్టినదాన్నే తురుముకోవచ్చు.

అల్లంవెల్లుల్లి ముద్ద విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. నూనె పోశాం కదా అని దాన్ని బయట ఉంచకండి. గాలి చొరని నూనె అడుగున బోటులిజం అనే జబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరగగలదు, వాసన చూసి దాన్ని పట్టుకోలేం. కొద్దికొద్దిగా నూరుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మిగిలింది ఫ్రీజర్‌లోకి.

వాడకం తగ్గి కొమ్ములు మిగిలిపోయేట్టుంటే ఇక నిద్రపుచ్చే ప్రయత్నం మానేసి శొంఠి చేస్తాను. ఎండేకొద్దీ అల్లంలోని జింజరాల్ అనే పదార్థం కొంత షోగాల్ అనే మరో పదార్థంగా మారి ఘాటు హెచ్చుతుంది. పొట్టు గీరి, పలుచగా తరిగి, పెళుసుబారేదాకా ఎండలో పెట్టి, పూర్తిగా చల్లారాకే సీసాకెత్తాలి.