అతుకు తెలియని చేయి

టోక్యోలో తకదనోబాబా స్టేషన్‌లో యమనోతె లైను రైలెక్కితే రెండో స్టేషన్ షింజుకు. సుమికో ఇవామురో గారి రెండు జీవితాల మధ్య ఉన్న దూరం అంతే. తకదనోబాబాలో ఆవిడది గ్యోజా హోటలు. గ్యోజా అంటే మన కజ్జికాయ ఆకారంలో ఉండే కారపు వంటకం. పల్చటి పిండి రేకులో కూర పెట్టి, అంచుకు తడి అద్ది, మడతలుగా నొక్కి, పెనం మీద కాలుస్తారు. ఆ పనితో దశాబ్దాలు గడిపిన ఆవిడ రాత్రిళ్లు షింజుకులోని కబుకిచో క్లబ్బులో హెడ్‌ఫోన్ తగిలించుకుని నిలబడేవారు. అక్కడ ఆవిడ పేరు డీజే సుమిరాక్.

ఆవిడ 1935లో పుట్టారు. 77 ఏళ్ల వయసులో డీజే పని నేర్పే బడిలో చేరారు. 2018లో, 83 ఏళ్ల వయసులో, క్లబ్బుల్లో వృత్తిగా పనిచేసే డీజేలందరిలోకీ పెద్దావిడగా గిన్నిస్ రికార్డుకెక్కారు. వయసు చూసి అబ్బురపడటం సహజమే. నాకు మాత్రం ఆ వయసుకన్నా ఆవిడ పట్టిన పని మీద గౌరవం ఎక్కువ. అది ఎంత నాజూకు పనో, రిటైరయ్యాక నేనూ ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసి చూసేదాకా తెలియలేదు.

మన దగ్గర డీజే అంటే ఊరేగింపులో గుండెలదిరేలా మోగే స్పీకర్ల బండి అనే అర్థం స్థిరపడిపోయింది. అసలైన డీజే మనిషి. ఒక పాట ముగింపుకొస్తుండగా ఇంకో పాటను దాని పక్కకు తెచ్చి, రెండిటినీ కాసేపు జోడెడ్లలా నడిపించి, మొదటిదాన్ని సాగనంపే మనిషి. ఎదుట ఆడుతున్నవాళ్ల అడుగు తడబడకూడదు. ఆ కాసేపట్లోనే, ఆ అతుకులోనే పనితనమంతా ఉంది.

అతుకు ఎందుకంత కష్టమో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక పాట నిమిషానికి 124 దెబ్బల వేగంతో నడుస్తోంది, వచ్చే పాట 128తో నడుస్తుంది అనుకుందాం. మొదటి దెబ్బ రెండిటికీ ఒకేసారి పడేలా వదిలినా, ఆ తర్వాత ఒక్కో దెబ్బకూ సెకనులో సుమారు 0.015 వంతు చొప్పున ఎడం పెరుగుతుంది. పదహారు దెబ్బలు తిరిగేసరికి ఒక పాట దెబ్బ రెండోదాని రెండు దెబ్బల సరిగ్గా నడిమధ్యన పడుతుంది. చెవికి అది గుర్రం దౌడులా వినిపిస్తుంది. తేడా దశాంశం ఒక్కటే ఉన్నా, అంటే 128, 128.1 అయినా, నిమిషం గడిచేసరికి సెకనులో ఇరవయ్యో వంతు జారుతుంది. ఒక్కటిగా పడాల్సిన దెబ్బ రెండుగా చిట్లుతుంది. లయ తెలిసిన చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది.

1960ల చివర న్యూయార్క్‌లో ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే ఈ జారుడును వేళ్లతో అదుపు చేశాడు. ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనంలో నడిచిన శాంక్చువరీ అనే క్లబ్బులో, తిరుగుతున్న గ్రామఫోను రికార్డుల వేగాన్ని చెవితో కొలుస్తూ రెండు పాటలను జతపరిచేవాడు. 1972లో టెక్నిక్స్ కంపెనీ ఎస్ఎల్-1200 అనే టర్న్‌టేబుల్ తెచ్చింది. 1979లో వచ్చిన దాని రెండో రూపంలో, వేగాన్ని 8 శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ జారే మీట పెట్టారు. డీజేల చేతికి ఒక పనిముట్టు అమరింది. 2000 నుంచి ట్రాక్టర్, సెరాటో, వర్చువల్ డీజే వంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. నేను నేర్చుకున్నది వాలంటీర్లు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న 'మిక్స్'. ఆ పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి. తెర మీద రెండు పాటలూ రెండు నాదతరంగాలుగా ఒకదాని కింద ఒకటి పారుతుంటాయి. దెబ్బ పడే ప్రతిచోటా సన్నటి నిలువు గీత. సింక్ అనే మీట నొక్కితే, పైన చెప్పిన లెక్కంతా రెప్పపాటులో తేలిపోయి గీతలు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడతాయి.

మరి మీటే అంతా చేసేస్తే మనిషి చేసేదేమిటని మొదటి వారం నాకూ అనిపించింది. రెండో వారంలో జవాబు దొరికింది. దెబ్బలు కలిశాయి, పాటలు కలవలేదు. నా రెండో పాట మొదటి పాట వాక్యం మధ్యలో వచ్చి పడింది. ఎవరో మాట్లాడుతుంటే అడ్డొచ్చి మాట్లాడినట్టుంది.

నృత్యసంగీతంలో ఎక్కువ భాగం నాలుగేసి దెబ్బల గుంపులుగా నడుస్తుంది. ఎనిమిది గుంపులు కలిస్తే 32 దెబ్బల వాక్యం. కొత్త వాద్యం వచ్చినా, డ్రమ్ము ఆగినా, బేస్ అనే అడుగు స్వరం మొదలైనా సాధారణంగా ఆ వాక్యం మొదట్లోనే. ఈ 32 దగ్గర నా చిన్ననాటి సంగీత పాఠం అక్కరకొచ్చింది. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. నాలుగు ఆవర్తనాలు వేస్తే 32. జంటస్వరాలు పాడుతూ తొడ మీద వేసిన తాళమే, టోక్యో క్లబ్బులో మోగే టెక్నో సంగీతానికీ సరిపోతుంది! తెర మీద నుంచి చూపు తిప్పుకుని చేత్తో తాళం వేస్తూ, నాలుగో ఆవర్తనం ముగిసి సమం పడే క్షణాన రెండో పాటను వదిలాను. మొదటిసారి అది పిలిస్తే వచ్చినట్టు వచ్చింది. నిమిషానికి 128 దెబ్బల వేగంలో ఒక వాక్యం సరిగ్గా 15 సెకన్లు. చేయాల్సిన సర్దుబాట్లన్నీ ఆ గడువులోనే చేయాలి.

వాటిలో ముఖ్యమైనది బేస్ మార్పిడి. రెండు పాటల అడుగు స్వరాలు ఒకేసారి మోగితే ఒకదాన్నొకటి మింగేసి, గదిలో బురద చప్పుడు మిగులుతుంది. అందుకని వచ్చే పాట బేస్ మీటను ముందే పూర్తిగా తగ్గించి, దాని తాళాల గలగలనూ పై స్వరాలనూ మాత్రమే లోపలికి పంపుతారు. వినేవాళ్లకు ఏదో మెరుపు కలిసినట్టు అనిపిస్తుందే తప్ప పాట మారుతోందని తెలియదు. కొత్త వాక్యం మొదలయ్యే దెబ్బ మీద ఒక చేత్తో పాత పాట బేస్ తీసేసి, రెండో చేత్తో కొత్తదాని బేస్ పెంచుతారు. ఇల్లు నిలబడి ఉండగానే పునాది మార్చడం ఇది. ఒక్క దెబ్బ ముందైనా, వెనకైనా నేల కదిలినట్టవుతుంది.

ఆ తర్వాత శ్రుతి. రికార్డును 6 శాతం వేగంగా తిప్పితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకెక్కుతుంది. సాఫ్ట్‌వేర్ వేగాన్నీ శ్రుతినీ విడదీయగలదు. ఏ పాట ఏ శ్రుతిలో ఉందో చెబుతుంది కూడా. అయినా తెర మీద శ్రుతి కలిసిన రెండు పాటలు చెవిలో కలవకపోవచ్చు. ఒకటి దిగులుగా ముగుస్తుంటే ఇంకొకటి ఉత్సాహంగా మొదలవడం కొన్నిసార్లు వరం, కొన్నిసార్లు అపశ్రుతి. ఏది ఏదో తేల్చాల్సింది చెవే. హెడ్‌ఫోన్ ఒక చెవికి మాత్రమే ఆనించుకునేది అందుకే. ఆ చెవిలో ఇంకా ఎవరూ వినని పాట, రెండో చెవిలో గదంతా వింటున్న పాట. ఆ రెండిటినీ కలిపి తూచేది డీజే ఒక్కరే.

పాత తెలుగు పాటలు నాకు ఇంకో పాఠం చెప్పాయి. మద్రాసు స్టూడియోల్లో వాద్యబృందమంతా కలిసి కూర్చుని వాయించిన రోజుల పాటలవి. వాటి నడకలో ఊపిరి ఉంటుంది. చరణంలో గాయకుడు ఒక మాటను రవ్వంత సాగదీస్తే తబలా ఆగి అందుకుంటుంది. పల్లవికి తిరిగొచ్చేటప్పుడు రవ్వంత తొందర. వేగం మొదటి నుంచీ చివరిదాకా ఒకటేనని నమ్మి సాఫ్ట్‌వేర్ గీసిన గీతలు రెండో చరణానికల్లా దెబ్బలకు దూరంగా జరిగిపోయాయి. వేగం మారుతుందని దానికి చెప్పే వీలుంది. చెప్పినా చివరికి నా వేలు పాటను జరిపే చక్రం మీద ఉండాల్సిందే, పాట ముందుకు పోతే వెనక్కి, వెనకబడితే ముందుకు నెట్టాల్సిందే. కచేరీలో కాలప్రమాణం తప్పకుండా గాయకుణ్ని కనిపెట్టుకుని ఉండే మృదంగ విద్వాంసుల ఓర్పు ఎంతటిదో, ఈ చక్రం తిప్పుతూ ఉంటే నాకు అర్థమైంది.

ఇదంతా చెయ్యి తిరగడానికి సంబంధించిన సంగతి. సుమిరాక్ పని ఇక్కడి నుంచి ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆవిడ తండ్రి జాజ్ డ్రమ్మరు. ఆవిడ వేసేది ముఖ్యంగా టెక్నో. ఆ టెక్నో నడక మీదికి జాజ్, ఫ్రెంచి పాటలు, శాస్త్రీయ సంగీతం, జపాను కార్టూన్ సినిమాల పాటలు వచ్చి చేరేవి. టెక్నో నుంచి టెక్నోకు వెళ్లడం చదును రోడ్డు మీద నడక. టెక్నో నుంచి ఫ్రెంచి పాటకు వెళ్లాలంటే, రెండిటికీ ఉమ్మడిగా ఉన్న ఆ ఒక్క గుణం ఏదో ముందే తెలిసి ఉండాలి. ఒక డ్రమ్ము నడకో, ఒక స్వరం వంపో, ఒక మౌనమో. ఆ ఎరుక ఏ బడిలోనూ రెండేళ్లలో రాదు. డ్రమ్మరు కూతురిగా పుట్టి, ఏడు దశాబ్దాలకు పైగా వింటూ పోగుచేసుకున్న చెవి అది. బడి ఆవిడకు మీటలు నేర్పింది. వాటితో ఏం కలపాలో ఆవిడ అప్పటికే ఎరుగుదురు. పెద్దవయసులో ఈ పని నేర్చుకునేవాళ్లకు వేళ్లు కొంచెం నెమ్మదిస్తాయి, నిజమే. అయితే వాళ్ల దగ్గర పాటల గాదె నిండుగా ఉంటుంది. లెక్క సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాక ఆ గాదె తలుపు తెరవడానికి చేతులు ఖాళీ అవుతాయి.

గ్యోజా అంచైనా, కజ్జికాయ అంచైనా తక్కువ మడిస్తే విచ్చుకుంటుంది, ఎక్కువ మడిస్తే పిండి ముద్దవుతుంది. ఎంత మడవాలో వేలికి తెలుస్తుంది. రెండు పాటలను ఎంతసేపు కలిపి ఉంచాలన్నదీ అలాంటిదే. నేను మొదట్లో మురిపెం కొద్దీ నిమిషాల తరబడి కలిపి ఉంచేవాణ్ని. ఇప్పుడు రెండు వాక్యాలు, ముప్పై సెకన్లు. చాలాసార్లు అంతే చాలు.

మొన్న సాయంత్రం మా ఆవిడ పక్కగదిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను ఒక పాట నుంచి ఇంకో పాటకు దాటాను. నాలుగు ఆవర్తనాలు, బేస్ మార్పిడి, ఇంకో నాలుగు ఆవర్తనాలు. తలుపులోంచి చూస్తే పళ్లెం అంచు మీద ఆమె వేలు అదే నడకలో ఆడుతోంది. కొత్త పాట పల్లవి సగంలో ఉండగా ఆ వేలు ఆగింది.

"ఏవండీ, పాట ఎప్పుడు మార్చారు?" అంది.