లెక్కల పుస్తకంలో ప్రిసిల్లా

ఎడ్వర్డ్ బాల్ రచన ‘స్లేవ్స్ ఇన్ ది ఫ్యామిలీ’ (1998) సౌత్ కరోలినాలో కూపర్ నదీతీరాన బానిసలతో వరి పండించిన తన పూర్వీకుల చరిత్ర. 1698లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎలియాస్ బాల్ వారికి మూలపురుషుడు. 1850, 1860 జనగణనల బానిసల పట్టికలలో సాధారణంగా యజమానికే పేరుంటుంది. బానిసకు దక్కినది వయసు, లింగం, రంగు మాత్రమే. ఆ లోటును కొంత తీర్చినవి, విచిత్రంగా, యజమానుల లెక్కల పుస్తకాలే. ఎవరికెంత బట్ట ఇచ్చారో, ఎవరికి బిడ్డ పుట్టిందో ఆస్తి లెక్క కోసం రాసుకున్నారు, నేడవే వంశసాక్ష్యాలు. 1756లో ఎలియాస్ కుమారుడు కొన్న ప్రిసిల్లా నుంచి ఇప్పటి వారసుల వరకు బాల్ వంశక్రమాన్ని నిర్మించగలిగింది వాటితోనే. అయితే ఆ పేరు కొన్నవాడు పెట్టినది. పదేళ్లన్న వయసూ అతని అంచనాయే. సియెరా లియోన్‌లో ఓడ ఎక్కించక మునుపు ఆమెను ఏమని పిలిచేవారో ఏ పుటలోనూ లేదు. క్షమాపణ ఘట్టాలపై చూపిన శ్రద్ధలో కొంతైనా రచయిత ఈ ఖాళీపై చూపవలసింది.