తెర చెప్పే పాఠం, ఊరు చెప్పే పాఠం: ఇచ్చోడ పరిసరాల్లో డిజిటల్ మాధ్యమాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

డిజిటల్ మాధ్యమాలను గురించి మన వేదాంత కళాశాలల్లో జరిగే చర్చ సాధారణంగా రెండు మాటల మధ్యనే తిరుగుతూ ఉంటుంది. కొందరు వాటిని వరమంటారు, మరికొందరు శాపమంటారు. ఈ రెండు అభిప్రాయాల్లోనూ మాధ్యమమే కర్తగా నిలుస్తుంది; దానిని వాడుకొనే మనిషి కర్మగా మిగిలిపోతాడు. నేర్చుకొనేవారిది ఏ భాష, వారికి జవాబు చెప్పే అవకాశమున్నదా, నేర్చుకొన్నది చివరకు ఎవరి ఇంటికి చేరుతుంది అనే ప్రశ్నలు చర్చలోనికి రావు. ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నలను ఒక ప్రాంతాన్ని ఆధారం చేసుకొని పరిశీలించదలచితిమి.

ఇచ్చోడ ఆదిలాబాద్ జిల్లాలోని మండల కేంద్రం. నిర్మల్ నుండి ఆదిలాబాద్ వెళ్ళే 44వ జాతీయ రహదారిపై ఉన్నది. దానికి పొరుగున ఇంద్రవెల్లి మండలం, అందులో నాగోబా కొలువైన కేస్లాపూర్ ఉన్నాయి. ఈ ప్రాంతంలో తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, గోండి, కోలామీ భాషలు పక్కపక్కనే బ్రతుకుతున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద గోండి మాట్లాడేవారు సుమారు 29.8 లక్షల మంది, కోలామీ మాట్లాడేవారు సుమారు 1.28 లక్షల మంది. ఈ రెండు భాషల్లో ఏదియు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో లేదు. కాబట్టి మాధ్యమం మంచిదా, చెడ్డదా అనే ప్రశ్నకంటె ముందు, అది ఎవరి నోటితో మాట్లాడుతున్నది అనే ప్రశ్న ఇక్కడ తప్పనిసరి అవుతుంది.

1. జవాబు అడగని పాఠం

కోవిడ్ కారణంగా 2020 మార్చిలో పాఠశాలలు మూతపడిన తరువాత, తెలంగాణ ప్రభుత్వం అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళ ద్వారా 3 నుండి 10వ తరగతి వరకు పాఠాలను ప్రసారం చేసింది. అంత తక్కువ వ్యవధిలో అంత విస్తృతంగా పాఠాలను అందించుట చిన్న పని కాదు. దానిని తేలికగా తీసివేయుట న్యాయం కాదు. అయితే గూడెంలోని పిల్లవాని వైపు నుండి చూచినప్పుడు ఆ పాఠంలో రెండు లోపాలు కనిపిస్తాయి.

మొదటిది భాష. తరగతి గదిలో ఉపాధ్యాయుడు తెలుగులో చెప్పినా, పిల్లవాని ముఖం చూచి, అర్థం కాలేదని గ్రహించి, రెండు గోండి మాటలు కలిపి మరల చెప్పగలడు. తెర అలా ఆగదు. రెండవది జవాబు. బ్రెజిల్ దేశపు విద్యావేత్త పావ్లో ఫ్రేరె 1968లో రాసిన ‘పీడితుల బోధనాశాస్త్రం’లో, విద్యార్థిని ఖాళీ ఖాతాగా భావించి జ్ఞానాన్ని అందులో జమ చేసే పద్ధతిని తీవ్రంగా విమర్శించాడు. దూరదర్శన్ పాఠం ఆ జమ పద్ధతికి పరాకాష్ఠ అని చెప్పవచ్చును. జమ చేసేవారికి ఆ ఖాతాదారుడు కనిపించను కూడా కనిపించడు.

ఈ ప్రాంతానికి దీనికి భిన్నమైన అనుభవం ఒకటి ఉన్నది. హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహంతో 1943లో నిజాం ప్రభుత్వం మార్లవాయి కేంద్రంగా గోండు విద్యా పథకాన్ని ఆరంభించింది. ముందుగా గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి, గోండి భాషలో దేవనాగరి లిపితో వాచకాలు సిద్ధపరచిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం గోండి, కోలామీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలను తెచ్చింది. 1943 నాటి పలక, 2020 నాటి తెరకంటె ఒక విషయంలో ముందున్నది: అది పిల్లవాని ఇంటి మాటతో మొదలైనది. సాధనం కొత్తదైనంత మాత్రాన బోధన ముందుకు పోయినట్లు కాదని ఇందువలన తెలుస్తున్నది.

2. యంత్రం పాడిన పాట

ఇందుకు ఎదురుగా మరొక ఉదాహరణను పరిశీలింతము. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన ప్రభుత్వ ఉపాధ్యాయుడు తొడసం కైలాష్ మహాభారత కథను గోండి భాషలో, తెలుగు లిపిలో రాశారు. తరువాత కృత్రిమ మేధ సాధనాలతో కోలామీ తదితర భాషల్లో పాటలు రూపొందించారు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ఈ కృషిని ప్రస్తావించుటతో అది దేశమంతటికీ తెలిసింది.

ఈ కృషిలో మేము గుర్తించిన ప్రధానమైన విలువ పాటలో కంటె, పాట వెనుక ఉన్న స్థానం మార్పులో ఉన్నది. టి-శాట్ పాఠంలో ఆదివాసి గ్రహీత. ఇక్కడ ఆయనే కర్త. సాధనం ఎక్కడో తయారైనది, కాని ఏ మాట పాడాలో నిర్ణయించినది ఊరి మనిషి. ఇంటి భాషను బడిలో దాచుకోవలసిన వస్తువుగా భావించే పిల్లవానికి, అదే భాష తెరమీద వినిపించుట ఆత్మగౌరవాన్ని ఇస్తుంది. ఆ మేలును మేము తక్కువ చేయము.

కాని విమర్శ ఇక్కడ ఆగరాదు. కృత్రిమ మేధ అపారమైన పాఠ్యాన్ని, ధ్వనిని విని నేర్చుకొంటుంది. లక్షా ముప్పై వేలమంది కూడా మాట్లాడని, రాత తక్కువగా ఉన్న భాష దాని శిక్షణలో ఆవగింజంత కూడా ఉండదు. అటువంటి యంత్రం కోలామీ పాట పాడినప్పుడు, మాటలు కోలామీవే అయినా, వాటి ఊనిక, సాగదీత, శ్వాస పెద్ద భాషలనుండి అరువు తెచ్చుకొన్నవి కావడానికే అవకాశం ఎక్కువ. పెద్దలు ఆ తేడాను పట్టుకొంటారు. పిల్లలు పట్టుకోలేరు, వారు దానినే సరియైన ఉచ్చారణగా నేర్చుకొంటారు. అందుచేత ఇటువంటి పాటలను గూడెంలోని పెద్దల ఎదుట వినిపించి, వారు దిద్దిన తరువాతనే బడిలో వాడుట మంచిది. పెద్దలు దిద్దే ఆ గంటయే అసలైన పాఠం అవుతుందని మా అభిప్రాయం.

3. లిపి, ఫోను

గోండి నేర్చుకొనేవారి ఎదుట లిపి సమస్య కూడా ఉన్నది. నార్నూర్ మండలంలోని గుంజాలలో 2006లో గోండి రాతప్రతులు వెలుగులోనికి వచ్చినవి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంతో కలిసి ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలగువారు వాటిపై కృషి చేసిరి. 2018లో ఆ లిపి యూనికోడ్ ప్రమాణంలో చేరినది. మధ్యప్రదేశ్‌కు చెందిన మరొక గోండి లిపి, మసారం లిపి, అంతకు ముందు 2017లోనే చేరినది.

యూనికోడ్‌లో చేరుట అనగా ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా చెల్లే ఒక సంఖ్య లభించుట. అది తలుపు తెరచుట మాత్రమే. ఫోనులో ఆ అక్షరాలు టైపు చేయుటకు కీబోర్డు కావలెను, వాటిని చూపుటకు అక్షరరూపాలు కావలెను, అన్నిటికంటె మించి ఆ లిపిలో ఉత్తరం రాస్తే చదివే అవతలి మనిషి కావలెను. ఆ చివరిదానిని ఏ సాంకేతిక సంస్థయు ఇవ్వజాలదు. అందుకే నేటికీ గోండి సందేశాలు తెలుగు లిపిలోనో, దేవనాగరిలోనో సాగుతుంటాయి, లేదా గొంతు సందేశాలుగా పోతుంటాయి. దీనిని వెనుకబాటుగా చూడనక్కరలేదు. జెసూట్ పండితుడు వాల్టర్ ఆంగ్ 1982లో వివరించిన ‘రెండవ మౌఖికత’, అనగా యంత్రాల ఆసరాతో మాట మరల ముందుకు వచ్చే స్థితి, ఇక్కడ కనిపిస్తుంది. అయితే ఆంగ్ చెప్పిన రెండవ మౌఖికత రాతను దాటి వచ్చినది. ఇక్కడ రాత స్థిరపడక ముందే ఫోను వచ్చినది. ఈ తేడాను గమనింపక పట్టణపు సిద్ధాంతాన్ని గూడేనికి అన్వయించుట పొరపాటు.

4. వినుట, చెల్లించుట, నడచుట

గోండుల కులగాథలను తరతరాలుగా కాపాడినవారు ప్రధానులు, తోటీలు. కిక్రీ వాయిస్తూ వారు కథ చెప్పుదురు. వినే కుటుంబం వారికి ధాన్యమో, పశువో, కట్నమో ఇచ్చును. ఆ వ్యవస్థలో కథ వినుట ఒక బాధ్యతతో ముడిపడి ఉన్నది. అదే కథను ఫోనులో రికార్డు చేసి పంచినప్పుడు ఎక్కువమంది వింటారు, కాని ఎవరూ చెల్లింపరు. గాథ మిగులును, గాథకుడు మిగలడు. ఒక తరం గడిచిన తరువాత రికార్డులో ఉన్నదానికి అర్థం చెప్పేవారు కూడా ఉండరు. భద్రపరచుట, బ్రతికించుట రెండు వేరు పనులని మేము అనుటకు కారణం ఇదే.

మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజును 2021లో పద్మశ్రీకి ఎంపిక చేసిరి. ఆయన 2024 అక్టోబరులో మరణించారు. ఆయన నృత్యపు వీడియోలు ఎన్ని ఉన్నా, అడుగు తప్పినప్పుడు పక్కనుండి సరిదిద్దే చేయి వాటిలో లేదు. అలాగే నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు జన్నారం వైపునున్న హస్తినమడుగుకు కాలినడకన పోయి గోదావరి జలం తెస్తారు. ఆ నడకలో పిల్లలు నేర్చుకొనే బంధుత్వాలు, దారి గుర్తులు, వరుసలు, మౌనం ఏ తెరమీదను పట్టవు.

5. ఒక ఆక్షేపణ

ఇదంతా గతాన్ని కీర్తించుట కాదా అని ఎవరైనను అడుగవచ్చును. ఇచ్చోడ మండలంలోని ముఖరా(కె) వంటి గ్రామం వర్మీకంపోస్టు అమ్మి సంపాదించుకొని, డిజిటల్ గ్రంథాలయం దాకా ఆలోచించినప్పుడు, మనము కిక్రీని గురించి మాట్లాడుట తగునా? ఇది న్యాయమైన ప్రశ్న. పోటీ పరీక్షకు చదివే యువతికి ఫోను అవసరం, దానిని కాదనే హక్కు మనకు లేదు. నిజానికి ఆమెకు ఆ ఫోను అందుట లేదనునదే మొదటి సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57.4 శాతం కాగా స్త్రీలు 26.5 శాతమే.

అందినంత మాత్రాన చదువు వస్తుందనుట కూడా నిజం కాదు. గ్రామీణ భారతంలో 14-16 ఏండ్ల పిల్లలను పరిశీలించిన 2024 అసర్ నివేదికలో, ఫోను వాడగలిగినవారిలో అంతకు ముందు వారంలో చదువు సంబంధమైన పనికి వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు సుమారు 76 శాతం. కాబట్టి మా వాదన ఫోనుకు వ్యతిరేకం కాదు. ఫోను చేతికిచ్చి, నేర్పే మనిషిని తొలగించుటకు వ్యతిరేకం.

ముగింపు

పై పరిశీలనను బట్టి ఏ డిజిటల్ పాఠానికైనను మూడు ప్రశ్నలు వేయవలెనని మేము సూచిస్తున్నాము. ఇది నేర్చుకొనేవారి ఇంటి భాషను ఎరుగునా? వారు తిరిగి మాట్లాడుటకు చోటిచ్చునా? ఫోను ఆపిన తరువాత వారిని ఒక మనిషి వద్దకు పంపునా? 2020 నాటి ప్రసార పాఠం మూడింటిలోను తప్పినది. కోలామీ పాట మొదటిదానిలో నెగ్గి, రెండవదానిలో సగం నెగ్గి, మూడవదాని కొరకు పెద్దల సహాయం కోరుచున్నది. గుంజాల లిపి చదివేవారి కొరకు ఎదురు చూచుచున్నది.

వినుట వలన విశ్వాసము కలుగునని బోధించే మనము ఈ ప్రశ్నలను ముందుగా మనకే వేసికొనవలెను. గిరిజన ప్రాంతాల కొరకు ఆడియో పాఠాలు, వీడియో పాఠాలు సిద్ధపరచునప్పుడు, తెలుగులో రాసి గోండిలోనికి మార్పించుట సులువైన మార్గం. గూడెంలో కూర్చుండి, వారి మాట విని, వారి చేతనే చెప్పించి, చెప్పినవారికి చెల్లింపవలసినది చెల్లించుట కష్టమైన మార్గం. మొదటిదానితో మన సామగ్రి పెరుగును. రెండవదానితో వారి భాష పెరుగును. ఇచ్చోడ సంత నుండి గూడేనికి నడచిపోయే పిల్లవాని చేతిలోని ఫోను ఏ భాషలో పలుకవలెనో నిర్ణయించే హక్కు ఆ గూడేనిదే గనుక, రెండవ మార్గమే మన కళాశాలలకు తగినదని మా నిర్ణయం.