కింద అర్థాలు ఎవరి కోసం?

ముస్లిం కథ పత్రికకు పంపితే తరచూ వచ్చే మాట ఒకటుంది: "కథ బాగుంది, ఉర్దూ మాటలకు కింద అర్థాలివ్వండి." అమ్మీజాన్‌కు, దస్తర్‌ఖాన్‌కు, నిఖాకు అర్థాలు ఎవరికివ్వాలి? మా ఇళ్లల్లో అక్కర్లేదు. అంటే మా కథ చదివేవాళ్లలో మేం లేమని ముందే తేల్చేశారన్నమాట! సంధ్యావందనానికి, సీమంతానికి అర్థాలడిగిన సంపాదకుణ్ణి మేమైతే చూళ్లేదు.

అచ్చు కావాలనుకునే రచయిత ఎవరికి రాస్తున్నాడో ముందు తేల్చుకోవాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' తనను అనుమానించే దేశంతోనే నేరుగా మాట్లాడింది. అది అప్పటి అవసరం. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన కవితా సంకలనం భూకంపం అనకుండా 'జల్‌జలా' అని పేరు పెట్టుకుంది. తెలియనివాళ్లు తెలుసుకుంటార్లే అన్న ధీమా అది. మరుసటేడు వచ్చిన ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' ఏ సంజాయిషీ లేకుండా, నెల్లూరు యాసలో నవ్విస్తూ, అందర్నీ సాయిబుల ఇంట్లో కూచోబెట్టింది. ఈ మూడింట్లో కష్టమైన పని అదేనని మా లెక్క.

ఇప్పటి పుప్పాలగూడనే తీసుకోండి. పక్కనే మణికొండ. అక్కడ హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఆస్తి అని వక్ఫ్ బోర్డు వాదించిన 1654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ భూమి మీద కథ రాస్తే ఎవరికి రాయాలి? ఉర్దూ మాత్రమే చదివే పెద్దాయనకు తెలుగు అక్షరం అందదు. అపార్టుమెంటులోకి కొత్తగా వచ్చిన తెలుగాయనకు దర్గా, జాగీరు, వక్ఫ్ అన్నీ మొదట్నుంచీ చెప్పాలి. చెప్పీ చెప్పీ కథ కాస్తా అర్జీ అయి కూచుంటుంది.

మా కళ్లముందున్న పాఠకురాలు వేరు. ఇంట్లో ఉర్దూ, బళ్లో ఇంగ్లీషు మీడియం. 2018 చట్టంతో తెలంగాణ బళ్లల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది కనక ఆ పిల్లకు తెలుగు అక్షరాలొచ్చు. తెలుగు అక్షరాల్లో అమ్మీ కనపడితే ఆ పిల్ల ఆగదు. పక్క ఫ్లాటు ఆయనా ఆగక్కర్లేదు. సమోవార్‌ను కంటితో చూడకుండానే రష్యన్ నవలలన్నీ చదివేశాడు కదా!

అయితే మావాళ్లలో కొందరు పేరాకు పది ఉర్దూ మాటలు అత్తరులా చల్లుతారు. ఆ వాసన పాఠకురాలి కోసం కాదు, సభల కోసం.

అర్థాల పట్టీ లేకుండానే కథలు పంపుతున్నాం. ఏ మాట దగ్గర ఆగారో గుర్తుపెట్టి పంపమని సంపాదకుల్ని అడుగుతున్నాం. అక్కడ సందర్భం చాలకపోతే వాక్యం మార్చడానికి మాకేం అభ్యంతరం లేదు.